బరువు మొయ్యని రాట

పోయిన నెల మా చిన్నాన్న కొడుకు ఫోన్ చేశాడు. "అప్పా, పాత ఇల్లు కొట్టించేత్తన్నాను. సూసుకోవాలనుంటే బేగి రా. తరవాత సూడ్డానికి ఏటీ ఉండదు" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటారు. పాలిటెక్నిక్‌లో సెలవు పెట్టి కిరండోల్ బండెక్కాను. అరకులో దిగి, జీపులో కూరగాయల బుట్టల మధ్య ఇరుక్కుని మా ఊరు చేరేసరికి గోడలు నడుమెత్తున మిగిలి ఉన్నాయి. స్లాబు ముక్కలై నేలమీద పడి ఉంది. స్లాబులు ఎందుకు పగులుతాయో పిల్లలకి చెప్పి బతుకుతున్నదాన్ని కనక ముందు నాలో పంతులమ్మే లేచింది. వంగి, ఒక ముక్కని తిరగేసి, ఇనుము ఎక్కడుందో చూశాను. అడుగు వైపు ఉంది, తుప్పు తినేసి చీపురుపుల్లంత మిగిలింది. పై వైపు ఏమీ లేదు. ఉండదని నాకు ముందే తెలుసు, అయినా చూశాను. ఆ తర్వాత ఆ ముక్క మీదే కూర్చుని ఏడ్చాను. మా తమ్ముడు కంగారుపడి టీ తెప్పించాడు. పాత సిమెంటు కోసం ఏడ్చే మనిషిని వాడు అంతకుముందు చూసి ఉండడు.

ఆ స్లాబిల్లు రాకముందు మాది మట్టి ఇల్లు. ఎర్రమట్టిలో గడ్డి కలిపి కాళ్ళతో తొక్కి లేపిన గోడలు, పైన రెల్లుగడ్డి. ఇంటి నడుమ ఒక నల్లమద్ది రాట నేలలోంచి కప్పు దాకా నిటారుగా ఉండేది. దాన్ని నిట్రాట అంటారు. పైనున్న పెద్ద దూలం దాని తలమీదే ఆనేది. వాసాలు దూలం మీద, గడ్డి వాసాల మీద. మధ్యలో అటక, అటక మీద మా ఏడాది తిండంతా. కొర్రలు, సామలు, మొక్కజొన్న కంకులు, పసుపు కొమ్ములు, విత్తనానికి దాచిన చిక్కుడుగింజలు. కింద పొయ్యి పొగ అటకలోంచి పైకి పోతూ అన్నిటికీ పట్టేది. పొగ, పసుపు, పాత ధాన్యం, ఎక్కడో చచ్చిన ఎలక, అన్నీ కలిసిన ఒక వాసన. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆ ఇంటి చూరూ గోడలూ సరిగా గుర్తురావు కానీ ఆ వాసన మాత్రం వస్తుంది. ఆశ్రమ పాఠశాల నుంచి సెలవులకి వస్తే నా గౌనుకి మొదటి రోజే ఆ వాసన పట్టేది. తిరిగి వెళ్ళాక హాస్టల్లో పిల్లలు ముక్కు మూసుకుని వెక్కిరించేవాళ్ళు. వాళ్ళ గౌన్లకీ అదే వాసన ఉండేదని వాళ్ళకి తెలీదు.

ఇల్లంతా మా నాన్నమ్మ చేతిలో నడిచేది. ఆవిణ్ణి మామ్మ అనేవాళ్ళం. పొట్టి మనిషి, నోరు మాత్రం పొడుగు. తెల్లారకముందే లేచి ఊటకి పోయి నీళ్ళు తెచ్చేది. చోడి అంబలి కాచి, మొదటి గరిటె ఎవరికీ పెట్టకుండా అడ్డాకులో వంచి నిట్రాట మొదట్లో పెట్టేది. మా వాళ్ళలో చనిపోయినవాళ్ళని శ్మశానంలో వదిలెయ్యరు. పెద్దదినం నాడు పేరు పెట్టి పిలుచుకుంటూ ఇంటికి తీసుకొస్తారు. వాళ్ళొచ్చి కూర్చునేది ఆ రాట మొదట్లోనే. అక్కడే ఎందుకని చిన్నప్పుడు అడిగాను. "ఇంటి బరువంతా ఎక్కడ దిగుతాదో అక్కడే పెద్దలుంటారే గుంటా. ఆలు గాపోతే ఇంకెవులు మోత్తారు?" అంది మామ్మ. ఇందులో అడగడానికి ఏముందన్నట్టు నా నెత్తిమీద ఒకటి మొట్టింది.

మా అమ్మ కూడా అక్కడే ఉండేది. నేను బాగా చిన్నప్పుడు ఒక వానాకాలం జ్వరం తగిలి, గెడ్డ పొంగి జీపు దాటక, దారిలోనే పోయిందట. నాకు ఆమె ముఖం గుర్తులేదు. ఫొటో లేదు. మా అమ్మ అంటే నాకు పొగకి నల్లబడి, చేతులు తగిలి నున్నబడ్డ ఆ రాట మొదలే. మామ్మ రోజూ దానితో మాట్లాడేది. "కోడలా, నీ మొగుడు నిన్న సంతలో తాగేసి గొడుగు పారేసుకున్నాడు." "కోడలా, నీ కూతురికి లెక్కలు రావంట, నీ పోలికే." పొయ్యి దగ్గర కూర్చుని అదంతా వింటున్న మా అయ్య నవ్వేవాడు కాదు, కసిరేవాడు కాదు. నాకు నిద్ర రాకపోతే వెళ్ళి రాటకి వీపు ఆనించి కూర్చునేదాన్ని. తల్లిలేని పిల్ల అని ఊళ్ళో ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండేది.

నేను ఆరో తరగతిలో ఉండగా మా ఊరికి సర్కారు కాలనీ ఇళ్ళు వచ్చాయి. జాబితాలో మా అయ్య పేరు కూడా ఉంది. ఊరంతా తిరనాళ్ళలా అయింది. సిమెంటు బస్తాలు జీపుల్లో రోడ్డు దాకా వస్తే అక్కణ్ణించి మావాళ్ళు నెత్తిమీద మోశారు. మంచుకి తడిసి కొన్ని బస్తాలు రాళ్ళయ్యాయి, వాటిని అరుగు మెట్లకి వాడుకున్నారు. ఆడవాళ్ళు గెడ్డలో ఇసక తోడారు, గుండ్రాళ్ళు పగలగొట్టి చిప్సు చేశారు. తాపీమేస్త్రి మైదానం నుంచి వచ్చినవాడు. తట్ట సిమెంటుకి రెండు తట్టల ఇసక, నాలుగు తట్టల చిప్సు అని పాటలా చెబుతూ కలిపించేవాడు. స్లాబు పోసిన మర్నాడు దాని చుట్టూ మట్టిగట్టు కట్టి నీళ్ళు నిలబెట్టించాడు. సిమెంటు నీళ్ళు తాగితేనే గట్టిపడుతుందన్నాడు. ఇంటి నెత్తిన చెరువేమిటని ఊరు విరగబడి నవ్వింది. కప్పలు కూడా చేరాయి. మామ్మ మాత్రం నవ్వలేదు. కొన్ని వారాలకి స్లాబు కింది సెంట్రింగ్ చెక్కలు విప్పేశాక లోపలికి వెళ్ళి, గది నాలుగు మూలలా చూసి, బయటికొచ్చింది.

"మేస్త్రీ, రాటేదిరా?"

"రాటెందుకమ్మా? గోడలే మోసేత్తాయి. నడిమిన ఏటీ అక్కర్నేదు."

"నడిమిన ఏటీ నేకపోతే నా కోడలెక్కడ కూకుంటాది?"

మేస్త్రికి అర్థంకాక మా అయ్య వైపు చూశాడు. అయ్య నేల చూశాడు. మామ్మ తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, "మీరెల్లండి. నాను రాను" అని పాతింట్లోకి వెళ్ళిపోయింది. ఒక్క మాట తక్కువా ఎక్కువా లేదు.

మేం కొత్తింట్లోకి వెళ్ళాం, ఆవిడ రాలేదు. పాతింటి గడ్డి ఆ ఏడు మార్చలేదు. వాన మొదలైతే లోపలా బయటా ఒకటే. అయ్య రెండిళ్ళ మధ్య తిరిగి తిరిగి చిక్కిపోయాడు. నాకైతే కొత్తింట్లో నిద్రపట్టేది కాదు. తెల్లటి గోడలు, పైన బల్లపరుపు స్లాబు, నడుమ అంతా ఖాళీ. వీపు ఆనించడానికి ఏమీ లేదు. చివరికి అయ్యే ఒక దారి కనిపెట్టాడు. దిసారిని, అంటే మా ఊళ్ళో మంచిరోజులు చూసే పెద్దాయన్ని పిలిచి, కోణ్ణి కోయించి, పాతింటి నిట్రాటని తవ్వి తీయించాడు. నలుగురు మగవాళ్ళు పసిపిల్లని ఎత్తుకున్నట్టు మోసుకొచ్చి, కొత్తింటి నడిగదిలో చదును రాయి మీద నిలబెట్టారు. రాటకీ స్లాబుకీ మధ్య సందులో అయ్య చెక్కమేకు పెట్టి గొడ్డలి వెనకవైపుతో గట్టిగా బిగించాడు. మేస్త్రి అప్పటికే కొండ దిగి వెళ్ళిపోయాడు. మామ్మ వచ్చి రాటని రెండు చేతులా పట్టుకుని ఊపి చూసింది. అది కదల్లేదు. "మోత్తంది" అంది. ఆ పూటే తన కుండలూ గోనెలూ తెచ్చేసుకుంది. నేను ఆ పగలే రాటకి ఆనుకుని నిద్రపోయానట.

కొన్నేళ్ళు హాయిగా గడిచాయి. స్లాబు మీద ఉడకేసిన పసుపు ఆరబోసేవాళ్ళం, మిరియాలు ఆరబోసేవాళ్ళం. గింజలు కొట్టే కల్లం రాళ్ళు కూడా పైకెక్కించాడు అయ్య. తర్వాత ఒక వానాకాలం రాట పైభాగాన చెమ్మ కనబడింది. పైకెక్కి చూస్తే, సరిగ్గా రాట ఉన్నచోట స్లాబు మీద పగులు. ఎండిన గెడ్డలో మట్టి నెర్రెలిచ్చినట్టు నాలుగు వైపులకీ పాకింది. అయ్య తారు పోశాడు, మట్టి మెత్తాడు, ప్లాస్టిక్ పట్టా కప్పాడు. నీళ్ళు ఆగలేదు. సన్నగా రాట వెంబడి కిందికి జారేవి. మామ్మ చీరచెంగుతో తుడుస్తూ, "మీ యమ్మ ఏడుత్తంది. నువ్వు ఇంటికి రాకుండా సదువులని తిరుగుతుంటే ఏడవదేటి?" అనేది. నాకు నవ్వొచ్చేది, అయినా నేనూ పక్కన చేరి తుడిచేదాన్ని.

పదో తరగతయ్యాక పాలిటెక్నిక్‌లో సివిల్‌కి సీటొచ్చింది. కొండ కింద పట్నం. అన్నం బాగుండేది, ఎండ భరించలేకపోయేదాన్ని. బరువుల పాఠం చెప్పే మాస్టారు మంచివాడు. ఒకరోజు ఆయన బోర్డు మీద రెండు గోడలు గీసి, పైన స్లాబు గీశాడు. తన సొంత బరువుకీ, పైన పెట్టే బరువుకీ స్లాబు మధ్యలో కిందికి వంగుతుంది, పొట్ట సాగుతుంది. సిమెంటు కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది, సాగదీస్తే ఓర్చుకోదు. అందుకని ఇనుము పొట్టవైపు పెడతాం అన్నాడు. ఆ తర్వాత స్లాబు నడుమ కింద ఒక గీత నిలువుగా గీసి, "ఇక్కడ ఊతానికి ఒక పోటు పెడితే?" అన్నాడు. అందరూ ఇంకా గట్టిదవుతుందన్నారు. నేనూ అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, కావిడి గురించి చెప్పాడు. రెండు చివర్లా బుట్టలు వేలాడితే భుజం మీద బద్ద ఎటు వంగుతుంది? భుజం దగ్గర సాగేది పైవైపు కదా? పోటు మీద స్లాబూ అంతే, అక్కడ వీపు సాగుతుంది. వీపున ఇనుము లేదు కనక పగులుతుంది అన్నాడు. కావిడి మొయ్యనివాళ్ళు ఆ క్లాసులో చాలామంది. నాకు మాత్రం మళ్ళీ చెప్పక్కర్లేదు. బోర్డు మీద ఆయన గీసింది మా ఇల్లు. ఆ నిలువు గీత మా అమ్మ.

సెలవులకి వెళ్ళి అయ్యకి అంతా చెప్పాను. వెదురు బద్ద వంచి చూపించాను. నీళ్ళు లోపలికి దిగితే ఇనుము తుప్పు పడుతుందని, ఏదో ఒక నాడు పెచ్చులూడి కింద పడుకున్నవాళ్ళ మీద పడుతుందని చెప్పాను. అయ్య చాలాసేపు బద్దని చేతిలో తిప్పుతూ కూర్చుని, "రాటని తీసెయ్యమంటావేటి?" అన్నాడు. తియ్యక్కర్లేదన్నాను. బిగుసుకుపోయిన చెక్కమేకు ఎలాగూ ఊడదు, దాంతో పాటు రాట తల రెండు వేళ్ళ మందం కోసేస్తే చాలు, స్లాబు తన బరువు గోడలకి ఇచ్చుకుంటుంది, పై పగులు పూడ్చుకోవచ్చు, రాట ఉన్నచోటే ఉంటుంది అన్నాను. నాకు ఆ ఉపాయం తట్టినందుకు గర్వంగా కూడా ఉంది. అయ్య రంపం తెచ్చాడు.

సాయంత్రం మామ్మ పుట్టగొడుగులు ఏరుకుని వచ్చింది. రాట పైన సందు చూసింది. మంచం ఎక్కి నిలబడి, అందనంత ఎత్తైనా చెయ్యి చాపింది.

"ఇప్పుడిది ఏటి మోత్తంది?"

"ఏమీ మొయ్యదు మామ్మా. ఊరికే నిలబడుతుంది."

"ఊరికే నిలబడే రాటకాడికి పెద్దలెందుకొత్తారే?"

ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను కావిడి కథ చెప్పాను, మాస్టారు చెప్పినదానికంటే బాగా చెప్పాను. అంతా విని, "నువ్వు సెప్పింది నిజిమేనే గుంటా" అంది. ఇవాళ ఎవరు అడిగినా నేను అదే చెబుతాను. స్లాబు విషయంలో నా మాటలో తప్పు లేదు, కోసెయ్యమనడం తప్ప వేరే దారీ లేదు. కానీ మర్నాటి నుంచి మామ్మ మొదటి గరిటె అంబలి రాట దగ్గర పెట్టలేదు. అడ్డాకు పట్టుకుని, కూలిపోయిన పాతింటి దిబ్బ మీదికి వెళ్ళేది. అక్కడ రాట తీసిన గుంట ఒకటే మిగిలింది. ఆ గుంట పక్కన వానలో, మంచులో కూర్చుని మాట్లాడి వచ్చేది. వద్దని అయ్య బతిమాలాడు. "నా కోడలికి ఇక్కడ సోటు నేదు, నానక్కడికెల్లకపోతే ఎవులెల్తారు?" అనేది. ఆ చలికాలం దగ్గు పట్టుకుంది. చలికాలం వెళ్ళినా దగ్గు వెళ్ళలేదు.

చివరి రోజుల్లో నేను దగ్గరే ఉన్నాను. ఆవిడకి చావంటే భయం లేదు. ఒకటే బెంగ. అయ్య చెయ్యి పట్టుకుని, "ఒరే, నన్నెక్కడికి పిలుత్తావు?" అంది. అయ్య దుప్పటి లాగి ఆవిడ భుజాల దాకా కప్పాడు. ఆ ప్రశ్న ఇంకో రెండుసార్లు అడిగి, జవాబు లేకుండానే పోయింది.

మా ఊళ్ళో ఇప్పుడు ఎవరినీ ఈ ప్రశ్న బాధపెట్టదు. అన్నీ పిల్లర్ల ఇళ్ళే. అయ్య తర్వాత మా ఇల్లు తమ్ముడికే వచ్చింది, వాడు కట్టబోయేది కూడా అంతే, పైన మంచు చూడ్డానికొచ్చేవాళ్ళకి గదులట. ఇనుము ఎక్కడెక్కడ వెయ్యాలో ప్లాను చూసి నేనే చెప్పి వచ్చాను. పోయినవాళ్ళని ఎక్కడికి పిలుస్తున్నారని అడిగితే, గోడకి ఫొటో పెట్టి దండేస్తున్నామన్నాడు. ఫొటో మేకుకి వేలాడుతుంది. దాని బరువెంత, అది మోసేదెంత? కొత్త ఇళ్ళు కురవవు, పొగ లేదు, పిల్లలకి దగ్గు రాదు. అవి చెడ్డవని నేను అననే అనను. నేను బతికేదే వాటి మీద. అయినా ఏ ఇంట్లోకి వెళ్ళినా నా కళ్ళు గది నడుమకి వెళ్ళి అక్కడ ఏమీ దొరక్క వెనక్కి వస్తాయి.

మామ్మ పెద్దదినం నాడు పొద్దు వాలుతుండగా అయ్య, దిసారి, ఊరి పెద్దలు శ్మశానం నుంచి ఆవిణ్ణి పేరు పెట్టి పిలుచుకుంటూ బయల్దేరారు. ఇంట్లో ఆడపిల్ల ఒక్కత్తే ఉండాలి. రాట మొదట్లో జల్లించిన బూడిద పరిచి, దీపం పెట్టి, తలుపు మూసుకుని కూర్చోవాలి. పోయినవాళ్ళు వస్తే బూడిదలో ఏదో జాడ పడుతుందంటారు. కోడి గోరంత గీతైనా చాలు. బయటివాళ్ళు వచ్చిందా అని అడగాలి, లోపలి పిల్ల వచ్చిందని చెప్పాలి. అప్పుడే తలుపు తెరవాలి, అప్పుడే అందరూ అన్నం ముట్టాలి. వాళ్ళ గొంతులు దిబ్బ దాటి, వాకిట్లోకి వచ్చి ఆగాయి.

"వచ్చిందేటమ్మా?" అన్నాడు దిసారి.

బూడిద పరిచింది పరిచినట్టే ఉంది. చీమ నడిచిన జాడ కూడా లేదు. నాకు అబద్ధం నోటికి రాలేదు. "రాలేదు" అన్నాను. బయట ఎవరో ఆడమనిషి ఏడుపు మొదలెట్టింది. "రేపు మల్లీ పిలుద్దాం" అన్నాడు దిసారి. వండిన అన్నం ఎవరూ ముట్టకుండా వెళ్ళిపోయారు. అయ్య లోపలికొచ్చి బూడిదని చూడలేదు. పైన సందుని చూశాడు.

మర్నాడు మధ్యాహ్నం అయ్య నల్లమద్ది ముక్క ఒకటి చెక్కమేకులా చెక్కుతూ కూర్చున్నాడు.

"ఇది బిగిత్తే ఏటవుద్దే?" అన్నాడు తలెత్తకుండా.

"పూడ్చిన పగులు మళ్ళీ విచ్చుకుంటుంది అయ్యా. నీళ్ళు దిగుతాయి. ఇనుము పోతుంది."

"పడిపోద్దా?"

"ఇప్పుడే పడదు. ఎప్పుడో ఒకప్పుడు."

"నానున్నన్నాల్లు ఉంటాదా?"

"చెప్పలేను."

అయ్య తల ఊపాడు. మంచం ఎక్కి నిలబడి చెయ్యి చాపాడు. నేను మేకు అందించాను. అది తప్పని నాకు తెలుసు, బోర్డు మీద గీసి మరీ చూపించగలను. రెండో చేత్తో గొడ్డలి అందించాను. అయ్య ఒక్కో దెబ్బకీ ఆగి, చెవి పెట్టి వింటూ కొట్టాడు. సున్నపు పొడి ఆయన జుట్టు మీద, నా మొహం మీద రాలింది. చివరి దెబ్బకి రాట మూలిగినట్టు ఒక చప్పుడు చేసింది. అయ్య దిగి, పాతింటి దిబ్బ వైపు తిరిగి దణ్ణం పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచాడు.

పొద్దు వాలింది. మళ్ళీ బూడిద పరిచాను, దీపం పెట్టాను, తలుపు మూశాను. కొండ మలుపులో అయ్య గొంతు వినబడింది. ముందురోజు పెద్దల గొంతులన్నీ కలిసి పిలిచాయి. ఈసారి ఆయన గొంతొక్కటే పైకి తేలి, "అమ్మా, రాయే. ఇంటికి రాయే" అంటూ దగ్గరవుతోంది. వాకిట్లో అడుగులు ఆగాయి.

"వచ్చిందేటే?" అన్నాడు. దిసారి అడగాల్సిన మాట ఆయనే అడిగేశాడు.

నేను బూడిద వైపు చూడలేదు. రాటని రెండు చేతులా పట్టుకుని, నా బలమంతా పెట్టి ఊపాను. అది కదల్లేదు.

"వచ్చింది అయ్యా" అన్నాను.